యాభై మూడు చేతులు

చీటీలు వేసిన సుద్దముక్కల డబ్బా స్టాఫ్ రూములో ఒక్కొక్కరి చేతులు మారుతూ మైసయ్య దగ్గరికి వచ్చింది. అడుగున రెండే మిగిలాయి. మైసయ్య వేలు పెట్టి రెండింటినీ కాసేపు తడిమాడు, ముట్టుకుంటే లోపల ఏమున్నదో తెలుస్తుందన్నట్టు. ఒకటి తీశాడు. కాగితానికి సుద్దపొడి అంటుకొని ఉన్నది.

"చదువు మైసయ్యా," అన్నాడు పెద్దసారు కృష్ణయ్య.

మైసయ్య చదవలేదు. పక్కనున్న లెక్కల సారు సుధాకర్ చేతికి ఇచ్చాడు.

"కైండ్స్ ఆఫ్ సెంటెన్సెస్," అని చదివి సుధాకర్ నవ్వాడు. "వాక్యాలల్ల రకాలే అన్నా. నాలుగే ఉంటయి, బతికిపోయినవ్. నాకు జూడు, త్రిభుజాల సిద్ధాంతం వచ్చింది. తెలుగుల చెప్తెనే పోరగాండ్లకు ఎక్కుతలేదు, ఇగ ఇంగ్లీషులనట."

ఎవరూ నవ్వలేదు. ఫ్యాను కరెంటు లేక నిలబడి ఉన్నది. బయట ఒంటిపూట బడి విడిచిన పిల్లలు బస్సుల కోసం అరుస్తున్నారు.

"శుక్రవారం పొద్దున్నే వస్తది కంపెనీ మేడం," అన్నాడు కృష్ణయ్య. "ఒక్కొక్కళ్లు తొమ్మిదో తరగతి పిల్లలకు పావుగంట పాఠం చెప్పాలె. అంతా ఇంగ్లీషే. ఆమె ఎనక బెంచీల కూసుండి రాసుకుంటది. ఎవరుంటరో ఎవరు పోతరో, ఆమె రాసిందే ఖాయం. నన్ను అడగకుండ్రి, బడి ఇప్పుడు నాది గాదు. నేను సుత జూన్ దాంకనే."

అందరూ లేచిపోయారు. మైసయ్య లేవలేదు. చీటీని సన్నగా చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు. ఈ బడిలో పద్నాలుగేండ్లుగా తెలుగూ సోషలూ చెబుతున్నాడు. గేటు మీద ఇంగ్లీషు మీడియం అని రాసి ఉన్నా, పుస్తకం ఇంగ్లీషులో చదివించి, సంగతి తెలుగులో చెప్పేవాడు. చేవెళ్లలో అందరూ చేసేది అదే. ఇప్పుడు పట్నం కంపెనీ బడిని కొన్నది.

"సార్, నా పిల్ల సంగతి?" అన్నాడు చివరికి.

"నౌకరి ఉంటే పిల్ల ఉంటది," అన్నాడు కృష్ణయ్య టేబులు మీది కాగితాలు సర్దుకుంటూ. "స్టాఫ్ పిల్లలకు ఫీజు లేదన్న కాయిదా ఉంచుతమన్నరు. స్టాఫ్ అయితేనే మరి."

"వచ్చే ఏడు పదో తరగతి సార్. ఇప్పుడు తీసి మొయినాబాద్ సర్కారు బడిల ఏస్తే ఆడ అంతా తెలుగే. ఒకటో తరగతి సంది ఇంగ్లీషుల చదివిన పిల్ల, లెక్కలు, సైన్సు అన్నీ మళ్లీ తెలుగుల నేర్వాలె. ఏడాదిల ఎట్లయితది?"

కృష్ణయ్య తల ఎత్తలేదు. "అందుకే చెప్తున్న. నాలుగు రకాలే గదా. బట్టీ పట్టు."

*

ఎంకపల్లిలో ఇంటి ముందు రేకుల కింద టమాటాలు కుప్ప పోసి ఉన్నాయి. పొద్దున భార్య వసంతమ్మ తెంపుకొచ్చినవి. మైసయ్య అంగీ విప్పి మేకుకు తగిలించి ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరి చేతులూ కుప్పలోకి పోయి వస్తున్నాయి. దోరవి పట్నం పోయే డబ్బాల్లోకి. పండినవి చేవెళ్ల మార్కెట్‌కు గంపలోకి. పగిలినవి పక్కన గోనె మీదికి. కన్ను పడీ పడకముందే ఏది ఎటు పోవాలో చేతికి తెలిసిపోతున్నది.

కూతురు ప్రవళిక బోర్లించిన డబ్బా మీద కూర్చొని గ్రామర్ పుస్తకం తెరిచింది.

"చెప్పేదొకటి బాపు. అడిగేదొకటి. చెయ్యమనేదొకటి. ఆశ్చర్యపోయేదొకటి. ఇంతనే."

"ఇది నాకు తెలుసు. పేర్లకే నోరు తిరుగుతలేదు."

"అసర్టివ్."

"అసర్టివ్."

"ఇంటరాగేటివ్."

"ఇంట్రో… ఇంట్రగేటి…"

"ఇంటరా," అని ఆగి, "గేటివ్," అన్నది ప్రవళిక. "రెండు ముక్కలు చేసి అను."

మైసయ్య ఒక్కో టమాటాకు ఒక్కోసారి అన్నాడు. ఇంటరా అని కుప్పలోంచి తీసి, గేటివ్ అని డబ్బాలో పెట్టాడు. పదిహేను టమాటాల తర్వాత నోరు తిరిగింది. కానీ చేయి తప్పింది. పండిన కాయలు నాలుగు పట్నం డబ్బాలో పడ్డాయి. వసంతమ్మ ఏమీ అనకుండా వాటిని ఏరి గంపలో వేసింది. ఐదోది కూడా పడ్డాక ఊరుకోలేకపోయింది.

"పొద్దుగూకేదాంక ఇట్లనే గొణిగితే ఈ టమాటలు నడుసుకుంట పోతయా బండికాడికి?"

"ఇది ఏ రకం బాపు?" అన్నది ప్రవళిక వెంటనే.

"అడిగేది. ఇంటరాగేటివ్."

"మీ అయ్య ముఖం," అన్నది వసంతమ్మ. "నేనేం అడిగిన? తిట్టిన."

ముగ్గురూ నవ్వారు. నవ్వు ముందుగా ఆగింది మైసయ్యదే. రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్లను దింపి వచ్చే తెల్ల కారు ఒకటి దుమ్ము లేపుతూ పోయింది. దుమ్ము టమాటాల మీద పడకుండా వసంతమ్మ కొంగు చాపింది.

"ఒకవేళ కాకపోతే?" అన్నది ఆమె, దుమ్ము అణిగాక.

ప్రవళిక పుస్తకంలో వేలు పెట్టి మూసింది.

"అయితది అవ్వ. బాపుకు అన్నీ వస్తయి. ఒక్కటే చూసుకోవాలె బాపు, 'వాట్' అని మొదలైనంత మాత్రాన అన్నీ అడిగేవి కావు. చివర గుర్తు చూడు. నిలువు గీత కింద చుక్క ఉంటే ఆశ్చర్యం."

"చివర చూస్త," అన్నాడు మైసయ్య.

*

గురువారం రెండో పీరియడు అతను తొమ్మిదో తరగతికి పోయాడు. ఇన్‌స్పెక్షను వచ్చే ప్రతిసారీ ముందురోజు చేసే పనే.

"పద్ధతి యాదికున్నదా?"

"ఉన్నది సార్!" అన్నారు పిల్లలు.

"ఏందది?"

"తెలిసినోళ్లు కుడి చెయ్యి, తెల్వనోళ్లు ఎడమ చెయ్యి!"

"చెయ్యి లేపనోళ్లు?"

"ఎవ్వరూ ఉండొద్దు!"

ఈ పద్ధతి కృష్ణయ్యది. నేర్పింది మాత్రం మైసయ్య. ఎవరొచ్చి చూసినా తరగతి నిండా చేతులే కనబడతాయి. సారు కుడి చేతుల్లోంచి ఒకరిని లేపుతాడు, జవాబు వస్తుంది. వచ్చినవాళ్లు సంతోషంగా సంతకం పెట్టి పోతారు. పద్నాలుగేండ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. సుధాకర్ ఒక్కడే దీన్ని పెట్టుకోలేదు. "లెక్కలల్ల నడ్వదన్నా, బోర్డుకాడికి పిలిస్తే దొరికిపోతం," అనేవాడు.

మైసయ్య బోర్డు మీద ఒక వాక్యం రాసి ఇది ఏ రకం అన్నాడు. యాభై మూడు చేతులు లేచాయి. అతను వరుసల వెంట చూశాడు. ఇంగ్లీషులో కుడి చేతులు నాలుగే. ముందు బెంచీలో ప్రవళిక, ఆమె పక్కన పూజిత, కిటికీ దగ్గర ఇద్దరు. మిగతా నలభై తొమ్మిదీ ఎడమవే. వాటిలో అన్నిటికంటే ముందు లేచేది వెనక బెంచీలో సన్నీది. మోకిలలో భూమి అమ్మి, రెండు కార్లు కొని కంపెనీలకు తిప్పుతున్నాడు సన్నీ తండ్రి.

"సన్నీగా, ఎడమ చెయ్యి అంత జల్ది లేస్తది, కుడిది గుంజుకపోయిందార?"

తరగతి గొల్లుమన్నది. సన్నీ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఎడమ చెయ్యిని ఇంకా పైకి చాపాడు.

"శెభాష్," అన్నాడు మైసయ్య. "రేపు ఇట్లనే ఉండాలె."

*

శుక్రవారం ఎనిమిదింటికి పూర్ణిమ మేడం వచ్చింది. ముప్పై ఏండ్లు ఉంటాయేమో. కండ్ల కింద నిద్ర లేని నలుపు. చేతిలో అట్టకు బిగించిన కాగితాలు, వాటి మీద సెల్‌ఫోను. మైసయ్యది ఆఖరి నంబరు. అంతకుముందు బయటికి వచ్చిన సుధాకర్ ముఖం తుడుచుకుంటూ, "లోపల మస్తు ఉడుకున్నదన్నా," అని మాత్రం అన్నాడు.

మైసయ్య లోపలికి పోయాడు. మేడం వెనక బెంచీ చివర కూర్చొని ఉన్నది.

"గుడ్ మార్నింగ్ చిల్డ్రన్."

"గుడ్ మార్నింగ్ సార్!"

సుద్దముక్క బోర్డుకు తగలగానే విరిగింది. ఇంకొకటి తీసుకున్నాడు. మొదటి వాక్యం రాశాడు, రకం చెప్పాడు. రెండోది రాశాడు. "ఇంటరా," అని ఊపిరి పీల్చుకొని "గేటివ్," అన్నాడు. మూడోది రాశాడు. వీపు మీద అంగీ తడిసి అంటుకుపోయింది. పిల్లలు అతని వెంట అంటున్నారు, కాస్త ఎక్కువ గట్టిగానే, మోసేవాడికి పక్కనుంచి భుజం ఇచ్చినట్టు.

నాలుగోది రాశాడు. "వాట్ ఎ బిగ్ బిల్డింగ్ ఇట్ ఈజ్." ఎంత పెద్ద బిల్డింగో అని. సుద్దను పైకి ఎత్తేశాడు. చివర పెట్టాల్సిన గుర్తు పెట్టలేదు. వెనక్కి జరిగి మొదటి మాట చూశాడు. వాట్.

"ఇంటరాగేటివ్," అన్నాడు.

పిల్లలు వెంటనే అనలేదు. ముందు బెంచీలో ప్రవళిక పెన్ను ఆగింది. ఒక్క క్షణం తర్వాత వెనకనుంచి కొందరు "ఇంటరాగేటివ్," అన్నారు. మేడం తల వంచి ఫోనులో ఏదో చదువుతున్నది. చదివి, అట్ట మీద రాసుకొని, తల ఎత్తింది.

"సర్, ఆస్క్ దెమ్ సమ్‌థింగ్. రెస్పాన్స్ చూడాలి నాకు."

మైసయ్యకు కొత్త వాక్యం తట్టలేదు. ఉన్నదాన్నే చూపించాడు. వేలు బోర్డుకు ఆనించి, "విచ్ కైండ్?" అన్నాడు.

యాభై మూడు చేతులు లేచాయి.

అతను కుడి చెయ్యి కోసం చూశాడు. కిటికీ దగ్గరి ఇద్దరినీ చూశాడు. ఎడమవి. పూజితను చూశాడు. ఎడమది. తాను అద్దంలో చూస్తున్నట్టు తికమక పడ్డానేమో అనుకొని, తన కుడి చేతిలోని సుద్దముక్కను ఒకసారి చూసుకొని, మళ్లీ మొదటి వరుస నుంచి చూశాడు. ప్రవళిక ఎడమ చెయ్యి నిటారుగా లేచి ఉన్నది. ఆమె కుడి చెయ్యి కింద బెంచీ అంచును పట్టుకొని ఉన్నది. ఆమె తండ్రి వైపు చూడటం లేదు.

తరగతి మొత్తంలో లేపడానికి ఒక్కరు లేరు.

అప్పుడు అతను బోర్డు వైపు తిరిగి తను రాసింది చదివాడు. ఎంత పెద్ద బిల్డింగో. అడిగేది కాదు, ఆశ్చర్యపోయేది.

"వావ్," అన్నది వెనకనుంచి మేడం. "హండ్రెడ్ పర్సెంట్." ఫోను మోగింది. ఆమె లేచి, ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకొని, రెండో చేత్తో కాగితం మీద ఏదో టిక్కు కొట్టి, తలుపు దగ్గర ఆగింది. "వెరీ గుడ్ సర్. చాలు. థాంక్యూ."

ఆమె వరండాలోకి పోయింది. చెప్పుల చప్పుడు దూరమైంది. చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. దించమని చెప్పడం మైసయ్య మరిచిపోయాడు.

*

మొయినాబాద్ పోయే బస్సులో నిలబడటానికే చోటు దొరికింది. ప్రవళిక కడ్డీ పట్టుకున్నది, మైసయ్య ఆమె వెనక. మధ్యలో ఒక ముసలమ్మ దిగితే సీటు ఖాళీ అయింది. ఇద్దరిలో ఎవరూ కూర్చోలేదు.

"నీకు తెల్వదా అది?" అన్నాడు మైసయ్య.

"తెలుసు."

"మరి?"

"చెప్తే మేడం ముందల నువ్వు తప్పయితుంటివి."

బస్సు గుంతలో పడి లేచింది.

"పూజితకు, ఆ ఇద్దరికి నువ్వే సైగ చేసినవా?"

"చెప్పుటానికి టైమేది బాపు? ఎవరికి వాళ్లే లేపిన్రు."

మైసయ్య కడ్డీని పట్టుకున్న తన చేతిని చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో సుద్ద.

"అట్ల లేపొద్దు," అన్నాడు. "తెలిసినప్పుడు తెల్వనట్టు ఉండొద్దు."

"తెల్వనోళ్లను తెలిసినట్టు లేపుమన్నది నువ్వే గదా," అన్నది ప్రవళిక. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. "వాళ్లు నాలుగేండ్ల సంది లేపుతున్నరు. మేము ఒక్కసారి లేపినం. అంతనే."

కండక్టరు వచ్చి టికెట్టు అడిగాడు. మైసయ్య జేబులు తడుముకున్నాడు. ప్రవళికే తన బ్యాగులోంచి పాసు తీసి చూపించి, తండ్రి పై జేబులోని చిల్లర తీసి ఇచ్చింది.

ఇంటి దగ్గర వసంతమ్మ ఎదురొచ్చింది. "ఏమాయె?"

"మంచిగ చెప్పిండవ్వ. మేడం వెరీ గుడ్ అన్నది," అన్నది ప్రవళిక, చెప్పులు విప్పుతూ.

వసంతమ్మ కొంగుతో కండ్లు అద్దుకొని, ఆ పూట కోడిగుడ్లు వండింది. మైసయ్య ముద్ద కలిపి చాలాసేపు అట్లాగే పట్టుకొని ఉన్నాడు. బర్రె తాడు తెంపుకుంటున్నదని చెప్పి లేచిపోయాడు. బర్రె పడుకొని నెమరు వేస్తున్నది.

*

శనివారం పొద్దున కృష్ణయ్య తన గదిలో కుర్చీ చూపించాడు. పద్నాలుగేండ్లలో ఆ కుర్చీలో మైసయ్యను కూర్చోమన్నది అదే మొదటిసారి.

"ఫికర్ లేదు ఇగ. ఉన్నవ్ నువ్వు. అందరికంటే ఎక్కువ మార్కులు నీకే. రెస్పాన్స్ అన్నకాడ నూటికి నూరు ఏసింది. పాఠం సంగతి ఏం రాయలే, ఫోనుల ఉండెనట."

"సుధాకర్?"

కృష్ణయ్య పెదవి విరిచాడు. "తొమ్మిది చేతులే లేచినయట. ఆ తొమ్మిది మందిల ఎవర్ని లేపినా బోర్డు మీద చేసి చూపిచ్చిన్రట. అయినా తొమ్మిదే గదా. నేను చెప్పిన, ఆయన లెక్కలు మంచిగ చెప్తడు మేడం అని. కాగితంల దానికి కాలమే లేదన్నది."

అతను సొరుగులోంచి ఒక కాగితం తీసి టేబులు మీద పెట్టాడు. దాని మీద ప్రవళిక పేరు టైపు చేసి ఉన్నది.

"పదో తరగతికి ఫీజు మాఫీ. కింద సంతకం ఒక్కటే బాకీ. సోమవారం కంపెనీ పెద్దాయన వస్తున్నడు, పిల్లల అమ్మానాయినలను సుత పిలిచిన్రు. అన్ని తరగతులల్ల తొమ్మిదో తరగతి లెక్క చేతులు లేవాల్నట. మేడం ఏమన్నదెర్కేనా? ఆ సార్‌ను అన్ని క్లాసులకు పంపి ట్రైనింగ్ ఇప్పియ్యిండ్రి అన్నది. పాపం ఆమెకేం తెలుసు కుడి ఎడమ." కృష్ణయ్య నవ్వాడు. "ముందుగాల తొమ్మిదోళ్లతోని ఒకసారి చేపియ్యి. తర్వాత ఎనిమిది, ఏడు. సోమవారం సాయంత్రం ఈ కాగితం తీస్కపో."

"సరే సార్," అన్నాడు మైసయ్య. ఆ మాట నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

వరండాలో సుధాకర్ ఎదురయ్యాడు. చంకలో బోర్డు మీద వాడే పెద్ద చెక్క వృత్తలేఖిని, మూలమట్టం. సొంత డబ్బులతో కొనుక్కున్నవి.

"ట్రైనింగ్ ఇన్‌చార్జి అయినవట గదన్నా. ముబారక్."

"సుధాకర్…"

"ఏం కాదు. శంకర్‌పల్లిల ట్యూషన్ పెడ్త. తొమ్మిదో తరగతోళ్లకు త్రిభుజాలు సగంల ఆగినయి, ఎవరన్న అడిగితే ఇంటికి రమ్మను." మెట్లు దిగుతూ వృత్తలేఖిని ముల్లు తగలకుండా దాన్ని అటు తిప్పి పట్టుకున్నాడు.

మైసయ్య తొమ్మిదో తరగతిలోకి పోయాడు. బోర్డు ఎవరూ తుడవలేదు. నాలుగో వాక్యం అట్లాగే ఉన్నది, చివర ఏ గుర్తూ లేకుండా. అతను టేబులు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం మళ్లీ వస్తరు. అందుకని ఒకసారి…"

మాట పూర్తి కాలేదు. ప్రశ్న ఏదీ అడగలేదు. యాభై మూడు చేతులు లేచాయి.

అతను చూశాడు. ఆ చేతుల కింద ముఖాలను ఇన్నేండ్లలో ఎప్పుడూ చూడలేదేమో అనిపించింది. ఎప్పుడూ కుడి చెయ్యినే వెతుక్కున్నాడు. చేతులు అట్లాగే నిలబడి ఉన్నాయి. కొందరు నొప్పి పుట్టి రెండో చేత్తో మోచెయ్యిని పట్టుకున్నారు. ప్రవళిక ఇవ్వాళ ఏ చెయ్యి లేపాలో తేల్చుకోలేక ముందు ఎడమది లేపి, దించి, కుడిది లేపింది.

"దించుండ్రి," అన్నాడు.

దించారు.

అతను బోర్డు దగ్గరికి పోయి నాలుగో వాక్యం చివర నిలువు గీత గీసి కింద చుక్క పెట్టాడు.

"ఇది నేను నిన్న తప్పు చెప్పిన," అన్నాడు, బోర్డు వైపే చూస్తూ. "మీల కొందరికి తెలుసు. తెలిసి ఊకున్నరు. నా మీద ప్రేమతోని, పావురంతోని ఊకున్నరు." తర్వాత పిల్లల వైపు తిరిగాడు. "ఇప్పుడు అడుగుత. ఇది ఏ రకం? తెలిసినోళ్లే లేపుండ్రి. తెల్వనోళ్లు లేపకుండ్రి."

ఎవరూ కదలలేదు.

"ఎడమది సార్?" అన్నారెవరో.

"ఏదీ వద్దు."

ప్రవళిక చెయ్యి లేచింది. తర్వాత పూజితది. తర్వాత కిటికీ దగ్గరి ఇద్దరివి. మిగతా చేతులు బెంచీల మీద ఉన్నాయి. చాలామంది వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లోకి తీసుకున్నారు. తరగతి అంత ఖాళీగా ఎప్పుడూ కనబడలేదు. ఇప్పుడైనా నవ్వేసి, ఉత్తిత్తిదే, లేపుండ్రి అందరూ, అనవచ్చు. ఆ నాలుగు చేతుల్లో ఒకదాని మీద అతని చూపు ఆగింది. పదో తరగతి. సంతకం బాకీ ఉన్న కాగితం. మొయినాబాద్ సర్కారు బడి.

ఆ నలుగురిలో ఎవరినీ లేపలేదు. బెంచీల మధ్యనుంచి వెనకదాకా నడిచాడు.

"సన్నీ."

సన్నీ లేచి నిలబడ్డాడు. నవ్వడానికి తయారుగా ఉన్నాడు. తరగతి కూడా తయారుగా ఉన్నది.

"నీకు ఏడికెళ్లి తెల్వది?"

సన్నీ నవ్వబోయి ఆగాడు. సారు ముఖంలో హాస్యం లేదు. పక్కవాళ్లను చూశాడు. ఎవరూ నవ్వలేదు. బెంచీ మీద గీతలను గోటితో గీకాడు.

"ఇదా సార్?"

"ఇదే. ఏ పాఠంకెళ్లి అర్థమయితలేదు?"

"పాఠం గాదు సార్," అన్నాడు సన్నీ. "ఆరో తరగతి సంది."

కిటికీ బయట బస్సు డ్రైవరు ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో ఇంకెవరో, పేరు తెలియకుండా, "నాకు సుత," అన్నారు. ఇంకోవైపు నుంచి ఇంకొకరు.

"జరుగు," అన్నాడు మైసయ్య. సన్నీ జరిగాడు. మైసయ్య ఆ బెంచీలో అతని పక్కన కూర్చున్నాడు. మోకాళ్లు ముందు బెంచీకి తగిలాయి. "పుస్తకం తియ్యి. ఇది గాదు, ఆరో తరగతిది. లేదా? అయితే కాగితం తియ్యి. నీ పేరు ఇంగ్లీషుల రాసి, నువ్వు ఏ ఊరోనివో ఒక వాక్యం రాయి. తప్పయినా రాయి. నాకు సుత తప్పులు పోతయి, చూసినవ్ గదా."

సన్నీ పెన్ను పట్టుకున్నాడు. రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం బరువైన రాయిని దొర్లించినట్టు పడుతున్నది.

తలుపు దగ్గర కృష్ణయ్య ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. చేతిలో కాగితం ఉన్నది. తరగతి నిండా కిందికి దిగిన చేతులను, ఇంకా లేచి ఉన్న నాలుగింటినీ, వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చున్న మైసయ్యనూ చూశాడు.

"ఏందిది మైసయ్యా? సోమవారం ఏం చూపిస్తవ్? చేతులు లేవొద్దా?"

మైసయ్య లేవబోయాడు. సన్నీ వాక్యం సగంలో ఉన్నది. మళ్లీ కూర్చున్నాడు.

"లేస్తయి సార్," అన్నాడు. "నాలుగు."

"తమాషాలు చెయ్యకు. నీ పిల్ల బతుకు ఈ కాగితంల ఉన్నది."

"ఎర్కే సార్." మైసయ్య సన్నీ కాగితాన్ని తన వైపు సరిచేశాడు. "ఇంక జర సేపు పడ్తది ఈడ."

కృష్ణయ్య పిల్లలను ఒకసారి చూశాడు. చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు.

ప్రవళిక అది చూసింది. మడతలు పెట్టడం, జేబులో పెట్టుకోవడం, అన్నీ చూసింది. మైసయ్య ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. సన్నీ రాస్తున్న కాగితం వైపే చూస్తూ ఉండిపోయాడు. ముందు వరుసలో బెంచీ కిర్రుమన్నది. ప్రవళిక లేపిన చెయ్యి దించి, పుస్తకం తీసుకొని లేచింది. తలుపు వైపు పోతుందనుకున్నాడు. ఆమె రెండు వరుసలు దాటి వచ్చి, మూడో బెంచీలో తల వంచుకొని ఉన్న పిల్ల పక్కన కూర్చున్నది. ఆ పిల్ల ఒళ్లో చేతులు ఒకదానిలో ఒకటి ముడిపడి ఉన్నాయి.

"నీకు ఏడికెళ్లే?" అన్నది ప్రవళిక.